కార్డు బతికే ఉంది

తడిబట్ట పెట్టే ముందు నెట్ వైరు తీసి భుజాన వేసుకోవడం నాకు అలవాటైపోయింది. టీవీ కింద ఉన్న రౌటర్ నుంచి భోజనాల బల్ల చివరి కుర్చీ దాకా నీలం రంగు వైరు, ఏడు మీటర్లు. ఆ చివరి కుర్చీయే నా ఆఫీసు. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు విని, టైపు చేసి పంపిస్తాను. ఒక చెవిలో ఎవరిదో ఊపిరితిత్తుల గొడవ, రెండో చెవిలో "ఆ రిమోట్ ఎక్కడ పెట్టావ్?" రెండో చెవిని ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాను. అందులోనూ ఇయర్‌ఫోను పెట్టుకుంటే పిలిచినా పలకడం లేదని రాత్రి భోజనాల దాకా సాగదీస్తారు.

వెనక గదికి తలుపుంది, గడియ ఉంది, కిటికీ పక్కన పాత కుట్టుమిషను బల్ల ఉంది. వైరు మాత్రం ఆ గుమ్మానికి నాలుగడుగులు ఇవతలే ఆగిపోతుంది. ఇంకా పొడుగుది కొందామంటే, "ఉన్నదే కాళ్లకు అడ్డం, ఇంకోటా" అంది అత్తయ్య. ఫోన్ నెట్‌తో నెట్టుకొద్దామంటే ఆ గదిలో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు.

లాప్‌టాప్ మా ఆయన వాడి వదిలేసింది. "ఇంక ఇది పాత సామాన్లవాడికే" అని పక్కన పడేస్తే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని, రెండు మధ్యాహ్నాలు కూర్చుని నేనే ఎక్కించాను. శుభ్రంగా లేచి కూర్చుంది. అన్నీ పనిచేశాయి, ఒక్క వైర్‌లెస్ తప్ప. ఆయన ఒక పెద్ద కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసే మనిషి. ఎనిమిది నెలల కింద ఒక ఆదివారం దాని ముందు గంటసేపు కూర్చుని, మూత మూసి, "వైర్‌లెస్ కార్డు పోయింది. ఉచితంగా వచ్చినదానికి అంతకంటే ఏం ఆశిస్తావ్?" అన్నాడు. ఈ ఇంట్లో ఉచితంగా పనిచేస్తున్నది లాప్‌టాప్ ఒక్కటే కాదని నోటిదాకా వచ్చింది. కానీ అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయిన వారం అది. బల్లనిండా మందులు, కుర్చీ మీద వేడినీళ్ల సంచి. మాట మింగేసి ఆవిడ మందుల టైము చూసుకున్నాను.

సోమవారం పెద్ద మేడమ్ ఫోన్ చేసింది. నా పని చూసే పై అధికారి ఆవిడ. "మిగతావాళ్లు టైపు చేసినవి దిద్దే పని మీకిద్దామనుకుంటున్నాం" అంది. "డాక్టర్లతో మీరే నేరుగా మాట్లాడాల్సి ఉంటుంది. గురువారం పదకొండుకి పరీక్ష. ఒక్కటే షరతు. తలుపు వేసుకోగలిగిన గది కావాలి. రోగుల సంగతులు ఇంకొకరి చెవిన పడకూడదు. ఇప్పుడు మీ వెనక టీవీ నాకు కూడా వినిపిస్తోంది." కుదరకపోతే బుధవారం సాయంత్రంలోగా చెప్పెయ్యమంది. ఇంకొకరిని చూసుకుంటారట. మూడేళ్లుగా ఆ చివరి కుర్చీలో కూర్చుని నేను ఎదురుచూసిన ఫోన్ అదే.

ఆయనతో చెప్పాను. "ఆ గంటసేపు టీవీ కట్టేయిద్దాంలే" అన్నాడు.

"పరీక్ష గంటే. ఉద్యోగం రోజూ."

"సరే, చూద్దాంలే."

చూద్దాంలే అంటే చూడడని పన్నెండేళ్ల కాపురంలో నాకు బాగా తెలుసు. అందుకే మంగళవారం గిన్నెలు కడగకుండా సింకులోనే వదిలేసి కూర్చున్నాను. ఈ సిస్టమ్ వాడేవాళ్లంతా ఒకరికొకరు సాయం చేసుకునే సైటు ఒకటుంది. నా లాప్‌టాప్ వివరాలన్నీ రాసి, కార్డు చచ్చిపోయిందంటున్నారు, నిజంగా పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని అడిగాను. అరగంటలో ఎవరో జవాబిచ్చారు. ఎవరో ఏమో తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. ఈ కమాండ్ కొట్టండి, వచ్చిందంతా ఇక్కడ పెట్టండి అన్నారు. కొట్టాను, పెట్టాను. ఇంకోటి కొట్టమన్నారు. ఇంట్లో ఇంత ఓపిగ్గా నాతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో అనుకుంటూ అదీ కొట్టాను.

చివరికి ఇలా రాశారు: "మీ కార్డు బతికే ఉంది. దానికి విడిగా ఒక ఫైలు తెచ్చిపెట్టాలి, అది కూడా ఎవరో ఎప్పుడో తెచ్చిపెట్టారు. అన్నీ ఉన్నాయి. కానీ కార్డును లేపవద్దని సిస్టమ్‌కి ఎవరో రాసిపెట్టారు. ఫలానా ఫోల్డరులో చూడండి."

చూశాను. చిన్న ఫైలు, ఇంగ్లీషులో మూడే వరుసలు. మూడోది యంత్రం కోసం. పైన రెండూ మనుషులు చదువుకోవడానికి రాసినవి. మొదటి వరుసలో ఆ ఆదివారం తారీఖు, పక్కన ఆయన పొట్టి సంతకం. రెండో వరుసలో: తాత్కాలిక నిలుపుదల, కారణం ఇంటి అవసరం, అమ్మ నడిచాక తీసెయ్యాలి.

ముందు నవ్వొచ్చింది. ఆయన ఆఫీసులో ఏ మార్పు చేసినా తారీఖు వేసి, సంతకం పెట్టి, కారణం రాయాలి. రాసీ రాసీ అది ఆయన ఒంటికి పట్టేసింది. మా నీళ్ల ఫిల్టరు మీదా, గోడ గడియారం వెనకా కూడా అలాంటి చీటీలే ఉంటాయి. లోకంలో ఏ మొగుడైనా పెళ్లానికి అబద్ధం చెప్పి, దానికి తారీఖు వేసి సంతకం పెడతాడా?

తర్వాత కోపం వచ్చింది. కార్డు బాగుచేశాడు. బాగుచేసి, పనిచేస్తోందని చూసుకుని, ఆపాడు. నేను తలుపేసుకుంటే అమ్మకు మంచినీళ్లు ఎవరిస్తారని భయపడి ఉంటాడు, అంతవరకూ అర్థమైంది. కానీ అత్తయ్య లేచి తిరగబట్టి అయిదు నెలలు. రోజూ సాయంత్రం మేడ మీద ఇరవై చుట్లు నడుస్తోంది. ఆయన ఆ వరుస తీసెయ్యలేదు. కక్షతో కాదు, గుర్తులేక. నన్ను ఆపి, ఆపిన సంగతే మరిచిపోయాడు. కక్షయినా ఇంత మండేది కాదు.

మూడు వరుసలూ చెరిపేసి, లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. కుడివైపు మూలన వైర్‌లెస్ గుర్తు వెలిగింది. మా రౌటర్ పేరు, దాని కింద పక్కింటి వాళ్లవీ ఎదురింటి వాళ్లవీ. వైరు పీకేశాను. లాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను, బాల్కనీలోకి వెళ్లాను, వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసి చూశాను. నెట్ ఎక్కడా తెగలేదు. పెద్ద మేడమ్‌కి ఒక్క ముక్క రాశాను: గది ఉంది.

సాయంత్రం ఆయన హాల్లోకి రాగానే చుట్టచుట్టిన వైరు చూశాడు.

"వైర్‌లెస్ వచ్చిందా? ఎవరొచ్చి చేశారు?"

"నేనే. కార్డు పోలేదు. మీరే ఆపారు. తారీఖు పక్కన మీ సంతకం కూడా ఉంది."

ఆయన బూట్ల లేసు విప్పుతూ ఆగిపోయాడు. "అప్పటి పరిస్థితి అలాంటిది" అన్నాడు. "అమ్మ మంచం మీద ఉంది. అయినా అడిగి ఉంటే నువ్వు కాదనేదానివా? ఒప్పుకునేదానివేగా."

"ఒప్పుకునేదాన్నే. మరి ఎందుకు అడగలేదు?"

ఆయన వంగి రెండో బూటు లేసు అందుకున్నాడు. సోఫాలోంచి అత్తయ్య టీవీ గొంతు తగ్గించింది. "ఏమిట్రా, ఆ వైరు నా మూలంగానా?"

"అబ్బే, నీ మూలంగా అని కాదమ్మా..."

"కారణం అని మిమ్మల్నే రాశారత్తయ్యా" అన్నాను.

"నేనడిగానా? ఆపరేషన్ అయిన కాలుతో అయిదు నెలలు ఆ వైరు దాటుకుంటూ తిరిగాను కదరా. చేసేదేదో చేసి నా మోకాలి మీదికి తోశావా?" ఆవిడ మళ్లీ టీవీ గొంతు పెంచుకుంది. నన్ను వెనకేసుకొచ్చిందని మురిసిపోలేదు. తన పేరు పాడైందన్నది ఆవిడ బాధ. అయినా ఆ పూట నాకు అది చాలు.

గురువారం పదకొండింటికి గడియ వేసుకున్నాను. ఇద్దరు డాక్టర్లు, పెద్ద మేడమ్, నేను. మొదటిసారి రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఒక డాక్టరు మందు మోతాదు పొరపాటున పదింతలు చెప్పాడు. ఆపి, మరోసారి చెప్పమన్నాను. చెప్పి, నాలిక్కరుచుకుని, థాంక్స్ అన్నాడు. పన్నెండున్నరకు పెద్ద మేడమ్ సోమవారం నుంచి పనిలో చేరమంది.

ఆ సాయంత్రం కుట్టుమిషను బల్ల దగ్గర కూర్చుని సిస్టమ్ సెట్టింగులు తెరిచాను. రెండు ఖాతాలున్నాయి, నాదొకటి, ఆయన పేరుతో ఇంకోటి. అన్ని అధికారాలూ ఉన్న ఖాతా అది. ఆ ఆదివారం తెరుచుకున్నదే అయి ఉంటుంది. దాన్ని తీసేసే మీట మీద వేలు పెట్టి, ఆయన్ని పిలిచాను. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇందులో మీ ఖాతా తీసేద్దామనుకుంటున్నాను. మీ ఫైళ్లేమైనా ఉంటే పోతాయి. తీసెయ్యనా?"

ఆయన స్క్రీను వంక చూశాడు, నా వంక చూశాడు. నేను తొందరపెట్టలేదు. మీట నొక్కకుండా, ఆయన జవాబు చెప్పేదాకా ఆగాను.