కిరసనాయిలు వాసన వేసిన తాడు

సముద్రంలో ఎక్కడి నీళ్లు వెచ్చగా ఉన్నాయో, ఎక్కడివి చల్లగా ఉన్నాయో ఉపగ్రహం పైనుంచి చూసి చెబుతుంది. ఆ రెండు నీళ్లూ కలిసే చోట చేపలుంటాయి కాబట్టి, ఆ చోటు ఎక్కడో కేరళలో విళింజం దగ్గరి మా తీరంలో రోజూ బోర్డు మీద రాస్తారు. అయితే ఉపగ్రహానికి కనిపించేది నీటి పైపొర ఒక్కటేనట. అది చెప్పింది సరిచూడడానికి సముద్రంలో నీటి మీద తేలే ఒక పసుపు బోయా వేశారు. ఎవరో దానికి పడవ కట్టారు, కింద వేలాడే థర్మామీటరు తీగ తెగింది. చేపల శాఖ ఆఫీసు నుంచి బిందుజ మేడం వచ్చి, మర్నాడు పడవలన్నీ చూస్తామని, కట్టినవాడి లైసెన్సు ఆపేస్తామని చెప్పి వెళ్లింది.

బోయా కింద చేపలు చేరతాయని మా దగ్గర అందరికీ తెలుసు. ఆ వారం పడవ నిండా సూర చేపలు తెచ్చింది ఒక్క సిలువయ్యన్ మాత్రమేనని, మాలాగే పడవ ఉన్న క్రిస్పిన్ మామ టీ కొట్టులో అన్నాడట. సిలువయ్యన్ మా నాన్న.

ఆ సాయంత్రం మా పడవ తాడు చుడుతుంటే దాని కొసన పసుపు రంగు కనిపించింది. నాన్నని అడగలేదు. పడవ ఆగిపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. రంగు పోయేదాకా కిరసనాయిలుతో రుద్దాను.

మర్నాడు మేడం మా పడవ దగ్గర ఆగి తాడు వాసన చూసింది. ఎవరు కడిగారని అడిగింది. నాన్న తెల్లబోయాడు.

"తప్పు చేసినవాడు కాక ఇంకెవడు కడుగుతాడు మేడం?" అన్నాడు క్రిస్పిన్ మామ.

నలుగురిలో నేనెప్పుడూ మాట్లాడలేదు. "నేను కడిగానండీ," అన్నాను. "పసుపు రంగు ఉంటే... నాన్నే కట్టాడనుకున్నాను."

నాన్న నన్ను చూసి, ఇసుక వైపు తల దించుకున్నాడు.

అప్పటిదాకా పడవల చెక్కలే చూస్తున్న మేడం, ఇక తాళ్లు చూడడం మొదలుపెట్టింది. క్రిస్పిన్ మామ తాడుకి జానెడు పసుపు. పక్క పడవకీ, దాని పక్కదానికీ అంతే. గాలికి బోయా వచ్చి రాసుకుందన్నాడు మామ.

"గాలికి ముడి వెయ్యడం కూడా వచ్చా మామా?" అన్నారెవరో వెనకనుంచి.

నాన్న నెమ్మదిగా, తనూ కట్టానని చెప్పాడు. తీరంలో పడవలన్నిటినీ ఆపలేక, ఇంకోసారి కడితే ఊరుకోనని, తీగ బాగయ్యేదాకా బోర్డు ఖాళీయేనని చెప్పి మేడం వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక నాన్న తాడు నా ముందు పడేశాడు.

"సబ్బుతో మళ్లీ కడుగు. ఈ కంపుకి కాకులు కూడా దగ్గరికి రావు. అనుమానం వస్తే నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే చెప్పేవాడివా?"

నాన్న సబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"లేదులే," అన్నాడు.