సంచుల్లో సరుకు

వెనకవాకిట్లో చేట పట్టుకుని కందిపప్పు చెరుగుతున్న వాసవి మీద అత్త కన్యకమ్మ మాట మళ్ళీ వచ్చి పడింది. "నాలుగో దినం తలకు పోసుకొని లోపలికొచ్చేది లోకాచారం. నీకేంది, వారమైనా బయటే! పని తప్పించుకునే యావ కాకపోతే."

పని తప్పించుకోవడమట! బయట కూర్చున్నప్పుడే దుకాణం పప్పులూ చింతపండూ అన్నీ ఆమె ముందుకొస్తాయి. ఎండు సరుక్కు మైల లేదని అత్తగారి తీర్పు మరి. దేవుడిగూటికి పనికిరాని చేతులు అమ్మకానికి మాత్రం భేషుగ్గా పనికొస్తాయి. మొగుడు విజయభాస్కర్ గడ్డం గీసుకుంటూ కోసుకుంటే ఇల్లంతా పటిక కోసం పరుగెత్తింది. పెళ్ళయినప్పటినుంచీ నెలనెలా గుడ్డలు తడిసిపోయి ఆమె తూలుతుంటే, "ఆడోళ్ళకు మామూలే" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఒళ్ళు మండదూ?

పోయిన నెల స్పృహ తప్పి పడితే గానీ నంద్యాల తీసుకుపోలేదు. పరీక్షలన్నీ చేశాక అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఎముకల మూలుగలో పెద్ద కణాలుంటాయమ్మా. వాటి లోపల చిన్న చిన్న సంచులు. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లను వాటిలో దాచుకుంటాయి. ఆ కణాలే ముక్కలై, సంచులతో సహా ప్లేట్‌లెట్లుగా రక్తంలోకొస్తాయి. గాయమైన చోట సంచులు విప్పుతాయి. నీ ప్లేట్‌లెట్ల లెక్క బాగుంది. లోపలుండాల్సిన ఒక ప్రోటీనే తక్కువ. పుట్టుకతోనే వచ్చింది. మీ పాపకూ ఉండొచ్చు. మాకు చూపించకుండా పాపకు పన్ను కూడా పీకించొద్దు."

బయటికి రాగానే విజయభాస్కర్, "లెక్క బాగుందంట గదా, ఇంగేం రోగం?" అన్నాడు. సంజామల నుంచి దుకాణానికి పప్పు మూటలు దిగితే ఒక్కొక్కటీ కాటా మీద పెట్టించే మనిషి, పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి లోపలి సరుకు చూడకుండా మూటలు లెక్కపెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

ఈరోజు కూతురు శ్రీవాణి దవడ వాచి నడవలో నిలబడి ఉంది. ఆళ్లగడ్డలోనే పన్ను పీకించడానికి విజయభాస్కర్ బండి తీశాడు.

"ఆ డాక్టరమ్మ చెప్పిన మాట ఈడ పన్ను డాక్టరుకు చెప్పారా?" అంది వాసవి.

"ఏందీ చెప్పేది? ఊర్లో తెలిస్తే రేపు బిడ్డకు సంబంధం వస్తాదా?"

"ఒక్క పన్నుకు ఇంత రభస యాడా చూళ్ళేదమ్మా" అంది కన్యకమ్మ.

శ్రీవాణి మెల్లగా అడిగింది. "అమ్మా, నాక్కూడా నీ మాదిరి రక్తం కారుతానే ఉంటాదా?"

వాసవి చేట పట్టుకునే లేచి, గడప దాటి లోపలికి నడిచి, బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, మైల! ఇల్లంతా కలిపేసె!" కన్యకమ్మ గోడకు అతుక్కుపోయింది.

"కడుక్కోండి అత్తమ్మా. నా బిడ్డను తీసుకొని నంద్యాల పోతాండా. పన్ను సంగతి ఆడనే తేల్చుకుంటాం."

"పప్పు సగంలో ఇడిసిపెట్టి పోతాండావే, అంగట్లో ఏం చెప్పాల?" అన్నాడు విజయభాస్కర్.

వాసవి తన చేతిలోని చేట అతని చేతుల్లో పెట్టింది.

"మీ చేతులకు మైల లేదు గదా, చెరగండి."