పీటక్క

పడమటి వైపు కిటికీలన్నీ తెరిచాక తిమ్మక్క చంకలోని పీటను గోడ వారన వేసి కూర్చుంది. తూర్పు వైపువి ఇంకా అలాగే ఉన్నాయి. అలసట వచ్చి కూర్చోలేదు, రాకముందే కూర్చుంది. ఆ కిటుకు పట్టుబడడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది.

జానెడెత్తు వేపచెక్క పీట అది. ఒక కాలు కాస్త పొట్టి కావడంతో దాని అడుగున పాత చెప్పు తోలు ముక్క పెట్టి మేకు కొట్టారు. కూర్చుని కూర్చుని నడుమ నున్నగా పల్లం పడింది. మదనపల్లె దగ్గరి ఆ టీబీ ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డులో, ఆయా తిమ్మక్కను తిమ్మక్క అని పిలిచేవాళ్లు తక్కువ. పీటక్క అంటేనే తెలుస్తుంది. నోటి దురుసు ఉన్నవాళ్లయితే, "పీటకు నాలుగు కాళ్లుండాయి, ఆయమ్మకే ఒకటీ లే" అనేవాళ్లు. తిమ్మక్క కూడా వాళ్లతో పాటు నవ్వేది. కోప్పడడం కన్నా నవ్వడానికి తక్కువ సత్తువ పడుతుంది.

ఒకప్పుడు ఆమె ఇట్లా లేదు. కుప్పం పక్క పల్లెలో పుట్టిన మనిషి. రోడ్డు పనిలో కంకర తట్ట నెత్తిన పెట్టుకుని, పక్కదాని బిడ్డను చంకన వేసుకుని, ఇద్దరి పని ఒక్కతే చేసేది. ఒక ఏడు ఊళ్లకు ఊళ్లే ఫ్లూ జ్వరంతో పడకేశాయి. అందరితో పాటు ఆమెకూ వచ్చింది, అందరితో పాటే పోయింది. అందరూ లేచి పనులకు పోయారు. తిమ్మక్కా లేచింది, తట్ట ఎత్తింది, మరుసటి రోజు చెయ్యి కూడా ఎత్తలేకపోయింది. కొన్నాళ్లకు తేరుకుని మళ్లీ తట్ట ఎత్తింది, మళ్లీ పడింది. ఆ జబ్బు గుణమే అది. పని చేసేటప్పుడు ఏమీ అనదు. ఒక రోజు ఆగి వచ్చి నడుం విరగ్గొడుతుంది.

మొగుడు మునిస్వామి కొన్నాళ్లు చూశాడు. బువ్వ తింటుంది, ఒళ్లు కాలడం లేదు, చూసేదానికి బాగానే ఉంది, మరి ఎందుకు పడుకుంటుంది అని అడిగాడు. కోలారు గనుల్లో పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అతన్ని తిట్టేవాళ్లు తిట్టారు గాని, తిమ్మక్క తిట్టలేదు.

క్షయ ఏమోనని చెల్లెలు చెంగమ్మ ఈ ఆస్పత్రికి తీసుకొచ్చి చూపించింది. ముసలి డాక్టరు ఒకాయన ఎక్స్‌రే తీయించి చూసి, "క్షయ కాదమ్మా" అన్నాడు. "జ్వరం పోతూ పోతూ కొందరి సత్తువ ఎత్తుకుపోతుంది. ఎందుకో మాకూ తెలీదు. మందు లేదు. నీ ఒంటిని నువ్వే కనిపెట్టుకుని బతకాలి." తిమ్మక్క ఆ పూట వరండాలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మందు లేదన్నందుకు కాదు. నీది నాటకం కాదు, నిజమేనని ఒక మనిషి అన్నందుకు. తేలిక పని ఏదైనా ఇమ్మని ఆయనే చెప్పి వార్డులో పెట్టించాడు. కిటికీలు తెరవడం, తెమడ డబ్బాల్లో మందు నీళ్లు పోయడం, దగ్గేవాళ్లకు కొంగు అడ్డం పెట్టుకోమని గుర్తు చేయడం ఆమె పని.

"నా వొళ్లు ఎండాకాలం బాయమ్మా" అనేది ఎవరైనా అడిగితే. "ఊరినంతే తోడుకోవల్ల. అడుగంటా తోడినామనుకో, ఊట పూడిపోతాది."

ఎండాకాలం బావి సంగతి ఆ సీమలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. అయినా వింటూనే మరిచిపోయేవాళ్లు.

తిమ్మక్క లేచి తూర్పు కిటికీలు తెరిచింది. తెల్లారేసరికి ఇవన్నీ మూసి ఉండడం రోజూ ఉండేదే. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు గాలి అంటే భయం. వాళ్ల లెక్కలో గాలి రెండు రకాలు. ఒకటి చెట్టు కొమ్మలను ఊపేది. రెండోది సందెవేళ మనిషికి సోకి, తిన్నది ఒంటికి పట్టనీయకుండా, రాత్రిళ్లు చెమటలు పట్టించి పీల్చేసేది. క్షయ కూడా అచ్చం అదే పని చేస్తుంది గనక, రెండో గాలే ఇదని వాళ్ల నమ్మకం. డాక్టర్లు మొదటి గాలి మాట చెబితే జనం రెండో గాలి మాట వినేవాళ్లు.

డబ్బాల దగ్గరికి పోబోతుంటే వరండాలో రెడ్డెప్ప కనబడ్డాడు. పెద్దపంజాణి దోవలో ఒక పల్లె అతనిది. పెండ్లాం పాపక్క మొన్నటిదాకా ఈ వార్డులోనే ఉండేది. చంటిబిడ్డ మీద బెంగ పెట్టుకుని, తెమడలో పురుగు ఇంకా పోలేదు, ఉండమ్మా అని డాక్టర్లు చెబుతున్నా వినకుండా ఇంటికి పోయింది. ఇప్పుడు మాత్రల కోసం రెడ్డెప్ప వచ్చాడు.

"పాపక్క ఎట్లుండాదప్పా?"

"మేలక్కా. బిడ్డను పక్కలోనించి దించేదే లే." రెడ్డెప్ప మొహం వెలిగింది. "నువ్వు సెప్పినట్టే సేసినాం. మా యమ్మ కిటికీకి మన్నూ పేడా కలిపి మెత్తేసింది. తలుపు కూడా ఎవరన్నా వస్తేనే తీసేది. ఇంక గాలి వచ్చే దోవే లే."

తిమ్మక్క చేతిలోని డబ్బా కింద పెట్టింది.

"నేను సెప్పినానా?"

"నువ్వే కదక్కా. వచ్చేటప్పుడు పాపక్క చెయ్యి పట్టుకుని, గాలి సూసుకోమ్మా అంటివే."

అన్నది నిజమే. పాపక్క పోయిన రోజు తిమ్మక్కకు బావి అడుగంటిన రోజు. ముందు రోజు దుప్పట్లు ఉతికే మనిషి రాకపోతే తాను ఉతికింది. ఆ పూట నాలుక కదపడం కూడా బరువుగానే ఉంది. కిటికీ తెరిచి పెట్టుకో, గాలి ఆడనీ, బిడ్డను దూరంగా పడుకోబెట్టు అని ఉన్నంతా చెప్పాల్సింది. దానికి బదులు గాలి సూసుకో అని ఒక్క మాటతో సరిపెట్టింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ ఒక్క మాట పోయి పోయి కిటికీకి మన్ను మెత్తింది. మూసిన గదిలో దగ్గే తల్లి, పక్కలో పాలు తాగే బిడ్డ.

ఆమె పీట చంకన పెట్టుకుని, పక్క వార్డు ఆయా రాజమ్మ దగ్గరికి పోయింది.

"నేను ఈయప్పతో వాళ్లూరికి పోయొస్తా. సాయంత్రం కిటికీలు నువ్వు సూడు."

"నువ్వు యాల పోవల్ల? ఆయప్పకు ఇడమరిసి సెప్పి పంపితే సాలదా?" అంది రాజమ్మ. "అంత దూరం పోయొస్తే నువ్వు లేస్తావా మళ్లా?"

"మాటతోనే కదమ్మా ఇంతా అయింది" అంది తిమ్మక్క.

పుంగనూరు దాకా బస్సు. అక్కడ ఒక బంకు పక్కన నిలిపిన సైకిలు తీసి, రెడ్డెప్ప ఆమెను వెనక ఎక్కించుకున్నాడు. పీట హ్యాండిలుకు వేలాడుతోంది. ఆషాఢమాసం, గాలి ఎదురుగా తోస్తోంది. మిట్ట వచ్చినచోట దిగి నడవాల్సి వచ్చింది. ప్రతి మిట్ట మీదా తిమ్మక్క ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో చూసింది, ఎక్కడా కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమోనన్న భయం ఆమెకు ఇన్నేళ్లలో ఆ పొద్దే కలిగింది.

రెడ్డెప్ప తల్లి మారెమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. ఆస్పత్రి మనిషి తన ఇంటికి వచ్చిందని తెలిసి చేట పక్కన పెట్టేసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గదిలో పట్టపగలే చీకటి. పాపక్క బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. తిమ్మక్కను చూసి లేవబోయి దగ్గింది.

"సూడమ్మా, సూది దూరేంత సందు గూడా లేకుండా మెత్తినా" అంది మారెమ్మ.

కిటికీ ఉన్నచోట ఆమె వేళ్ల గుర్తులు వరసగా ఉన్నాయి. మెత్తిన మన్ను మీద పసుపు పూసి, వేపరెమ్మ గుచ్చి, నల్లదారం కట్టింది. అంత శ్రద్ధగా దేవుడి గూడు కూడా ఎవరూ అలకరు. తిమ్మక్కకు ఆమె మీద కోపం రాలేదు, ఆ వేళ్లను చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది తప్పు అని నోటితో అంటే ఈ తల్లి వినదు. వినాల్సిన పని కూడా లేదు, గాలి సోకి పోయిన బిడ్డల కథలు ఆమె ఎన్ని విని ఉంటుందో.

"మారెమ్మక్కా, ముందు బిడ్డకు దిష్టి తియ్యి" అంది తిమ్మక్క పీట మీద కూర్చుంటూ.

మారెమ్మ సంబరపడింది. ఆస్పత్రివాళ్లకు ఇవన్నీ పట్టవనుకుంది.

"బిడ్డనూ పాపక్కనూ వాకిట్లో కూసోబెట్టు. ఆడ తిప్పి, మిరపకాయలు మాత్రం ఈ గదిలో నిప్పుల్లో వెయ్యి. నువ్వూ నేనూ ఈడనే ఉందాం. తలుపు దగ్గరికి లాగు."

మారెమ్మ ఎండు మిరపకాయలూ ఉప్పూ బిడ్డ చుట్టూ తిప్పి, లోపలికి తెచ్చి నిప్పుల పెంకులో వేసింది. కాసేపటికే ఘాటు లేచింది. ఇద్దరికీ దగ్గు తెర మీద తెర వచ్చింది. మారెమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అంత దగ్గులోనూ, "ఘాటొచ్చిందంటే బిడ్డకు దిష్టి లేనట్టే" అంది. ఇంక తాళలేక తలుపు తోసుకుని వాకిట్లోకి పరుగెత్తింది. తిమ్మక్క వెనకనే వచ్చి గోడను పట్టుకుని నిలబడింది. ఊపిరి చిక్కాక అడిగింది.

"ఆ ఘాటు కంటికి కనపడిందా అక్కా?"

"యాడ కనపడతాది? ముక్కుకు తెలిసె, గొంతుకు తెలిసె."

"పాపక్క దగ్గేదీ అంతే. కనపడదు. బయటికి పోయే దోవ లేక ఆ గదిలోనే తిరగతా బిడ్డ ముక్కులోకి పోతాది. నువ్వు గాలిని బయట నిలిపి, జబ్బును లోపల పెట్టి మెత్తినావు." తిమ్మక్క ఆగింది. ఇంకా చెప్పాలి, ఈసారి మాటలు మిగుల్చుకోకూడదు. "తూర్పారపట్టేటప్పుడు గాలి కోసరం సూస్తావు కదా. గాలి రాకుంటే పొట్టు గింజల్లోనే పడతాది. వస్తే ఎత్తకపోతాది. ఈ జబ్బుకు గాలే సేట."

మారెమ్మ రాగుల చేట వైపు చూసింది. కోడలి ఒళ్లోని మనవరాలిని చూసింది.

"గాలంటే ఆ గాలనుకుంటినే" అంది చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

"తప్పు నాదక్కా. ఆ పొద్దు నాకు నోరు రాలే."

రెడ్డెప్ప గడ్డపార తెచ్చాడు. మారెమ్మ దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. "మెత్తింది నేను. తీసేదీ నేనే." వేపరెమ్మనూ నల్లదారాన్నీ పక్కకు తీసి కళ్లకద్దుకుంది, తర్వాత పొడిచింది. ఎండిన మన్ను పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆషాఢం గాలి ఒక్కసారిగా గదిలోకి వచ్చి, మిగిలిన ఘాటును వాకిట్లోకి తోసుకుపోయింది. మారెమ్మ ముక్కు ఎగబీల్చి చూసి, కొడుకు వైపు తిరిగి తల ఊపింది.

అంతలోనే నేల దాకా దిగిన కిటికీ రెక్క ధన్‌మని మూసుకుంది. రెడ్డెప్ప తెరిచాడు. మళ్లీ మూసుకుంది. కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. తిమ్మక్క పీట దగ్గరికి పోయి వంగి దాన్ని ఎత్తబోయింది, చెయ్యి సాగలేదు. కాలితో మెల్లగా జరుపుకుంటూ పోయి, తెరిచిన రెక్కకు ఆనించింది. గాలి ఎంత తోసినా రెక్క కదల్లేదు.

"బిడ్డ రాత్రిళ్లు అవ్వ కాడ పండుకుంటాది. నువ్వు ఈ కిటికీ కాడ పండుకో. దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకో. మాత్రలు మానొద్దు. బాగైపోయినట్టు అనిపించినా మానొద్దు" అని పాపక్కకు ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

సైకిలు ఎక్కుతుంటే పాపక్క వాకిలి దాకా వచ్చింది. "అక్కా, నీ పీట."

"ఉండనీమ్మా."

"మరి నువ్వెట్ల కూసుంటావు?"

"నాకింకొకటి సేయిస్తార్లే" అంది తిమ్మక్క. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఈసారి పడితే మళ్లీ వార్డు పనికి లేవలేనని, ఇంకో పీటతో తనకు పని పడదని మిట్టల మీద నడిచేటప్పుడే తెలిసింది. అయినా మనసు ఎంత తేలికగా ఉందంటే, ఆ తేలికకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అద్దం పూర్తిగా పక్కకు తోసి, తల కమ్మీకి ఆనించి కళ్లు మూసుకుంది.

మరుసటి రోజు లేవలేదు. ఆ మరుసటి రోజూ లేవలేదు. వార్డులో కిటికీలు రాజమ్మ తెరిచింది. కొన్ని వారాలు చూసి, చెంగమ్మ కుప్పం నుంచి వచ్చి అక్కను తనతో తీసుకుపోయింది. పోయే పొద్దున తిమ్మక్క వార్డు గుమ్మం దగ్గర కాసేపు ఆపమంది. ఇటూ అటూ కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. రాజమ్మ చెయ్యి నొక్కి బండి ఎక్కింది. తర్వాత మదనపల్లెకు ఆమె మళ్లీ రాలేదు.

మళ్లీ ఆషాఢం వచ్చేసరికి పాపక్క పొలం పనికి పోతోంది. బిడ్డకు దగ్గు లేదు, ఏమీ లేదు. కిటికీ కాడికి పాకుతూ పోయి, పీట పట్టుకుని మొదటిసారి లేచి నిలబడింది. రెక్కకు కొక్కెం వేయిస్తానని రెడ్డెప్ప అంటూనే ఉన్నాడు, మారెమ్మ వేయనీయలేదు. కూర్చునేదానికని ఎవరైనా ఆ పీట లాగబోతే, "తియ్యొద్దు, దాని మీద తిమ్మక్క కూసోనుండాది" అనేది. నడుమ పల్లం పడిన ఆ వేపచెక్క పీట, పొట్టికాలి కింద తోలు ముక్కతో, గాలికి వచ్చి వచ్చి తగిలే రెక్కను ఆపుతూ అక్కడే ఉండిపోయింది.