తలలు లెక్కపెట్టిన ఏడాది

మా మార్ష్‌ఫర్డ్ కాలేజీకి గ్రేడీ లిండ్‌క్విస్ట్ క్రీడల డైరెక్టర్‌గా వచ్చినప్పుడు, ఏటా అతని పనితీరు తేల్చే కమిటీలో నన్నూ వేశారు. నేను గణాంకశాస్త్రం చెబుతాను కాబట్టి అంకెలు చూడగలనని కాలేజీ అధ్యక్షుడు ప్రూయెట్ నమ్మకం. చూసింది బయటికి చెప్పననీ నమ్మి ఉంటాడు.

గ్రేడీకి నలభై ఏళ్ళు. తెల్లటి పళ్ళు, అంతకంటే తెల్లటి బూట్లు. ఆటకు వచ్చేవాళ్ళను ప్రేక్షకులు అనకూడదు, "అనుభవ భాగస్వాములు" అనాలని వచ్చీ రాగానే ఉత్తర్వు వేశాడు. టీషర్టులు జనంలోకి పేల్చే ఫిరంగి ఒకటి తెప్పించాడు. దాని మొదటి దెబ్బకే చరిత్ర ప్రొఫెసర్ కళ్ళజోడు ఎగిరిపోయింది. ఆయన్నీ భాగస్వామిగానే లెక్కేశారు.

అమ్మాయిల బాస్కెట్‌బాల్ మొదలయింది. హాల్లో ఆరువందల కుర్చీలు. "ఈరోజు హాజరు ఐదువందల ఎనభై!" అని మైకు మోగేది. నా ముందు మూడు వరుసలు ఖాళీగా ఉండేవి. అయినా ఏడాది చివర కమిటీ "అత్యుత్తమం" అని రాసింది. అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను.

ఆ సంతకం నన్ను వేసవంతా గిల్లుతూనే ఉంది. రెండో ఏడు మొదటి ఆట కాగానే పైనున్న గాజు గదికి వెళ్ళాను. గ్రేడీ ఆటలప్పుడు దాతలతో అక్కడే ఉంటాడు.

"గ్రేడీ, రెండుసార్లు లెక్కపెట్టాను. తొంభై నలుగురు. అందులో ఇద్దరు అంబులెన్సువాళ్ళు."

"మీరు కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టారు మేడమ్. మేం ఉచిత టికెట్లు ఎవరెవరికి మెయిల్ చేశామో వాళ్ళను లెక్కపెడతాం."

"మా పిన్నికీ పంపారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది."

"రానని ఆవిడ చెప్పలేదుగా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఒక్క ఆటైనా మొదట్నుంచీ చివరిదాకా చూశారా మీరు?"

గ్రేడీ దాతల వైపు తిరిగిపోయాడు. కానీ తర్వాతి ఆటకు కిందికి దిగి రెండో వరుసలో కూర్చున్నాడు. పక్కన వెర్నా స్టకీ ఉంది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క ఆటా మానలేదు.

"జరుగు అబ్బాయ్, నా కోటు మీద కూర్చున్నావు."

"అయ్యో, సారీ అండీ. ఆ ఎనిమిదో నంబరమ్మాయి ఎవరు?"

"డైరెక్టరువి నువ్వు, నన్నడుగుతావేం? టెస్సా ఓల్మన్. వాళ్ళ నాన్న ధాన్యం గోదాములో పనిచేస్తాడు. మోకాలికి ఆపరేషనై తొమ్మిది నెలలు కుంటింది పిల్ల. ఇప్పుడు చూడు."

టెస్సా ఎగిరింది. బంతి వలలో పడేసరికి గ్రేడీ లేచి నిలబడి అరుస్తున్నాడు. చేతిలోని కాఫీ బూట్లపాలైంది.

మర్నాడే ఫిరంగిని నాటకశాఖకు ఇచ్చేశాడు. ఇకపై గుమ్మం దగ్గర తలలే లెక్కపెట్టమన్నాడు. తను ఊరి మీద పడ్డాడు. మంగలి షాపులో డ్వేన్ నా భర్తకు జుట్టు కత్తిరిస్తుంటే వెళ్ళి, మీరెందుకు ఆటకు రారని అడిగాడట.

"ఎవరూ పిలవలేదు" అన్నాడు డ్వేన్.

"వారం వారం మెయిల్ పంపామే!"

"పంపలేదన్నానా? పిలవలేదన్నాను."

దాంతో గ్రేడీ పిలవడం నేర్చుకున్నాడు. గోదాముకు వెళ్ళి "శనివారం మన ఓల్మన్ కూతురు ఆడుతోంది" అని చెప్పాడు. చర్చి ఫలహారాల దగ్గర ప్రతి బల్ల ముందూ ఆగాడు. నూట ఇరవైమంది వచ్చారు, తర్వాత రెండువందలు, ఫిబ్రవరికి నాలుగువందలు దాటారు. జనం కాళ్ళతో నేల దద్దరిల్లించేవారు.

ఆఖరి ఆటకు ముందు కమిటీ కూర్చుంది. ప్రూయెట్ కాగితం ఎత్తి చూపించాడు.

"నిరుడు సగటు ఐదువందల ఎనభై. ఈ ఏడు రెండువందల యాభై. సగానికి పైగా పడిపోయింది!"

"నిరుటి అంకె అబద్ధం" అన్నాను.

"దాని కింద సంతకం మీదే కదా మేడమ్?"

నాదే. "అయినా అబద్ధమే" అన్నాను.

"నిరుటి నివేదిక పాలకమండలికి వెళ్ళిపోయింది. కుర్చీల్లోంచి నిరుటి జనాన్ని ఇప్పుడు లేపలేం."

నాలుగు ఓట్లకు ఒకటి. జూన్ తర్వాత గ్రేడీ అక్కర్లేదని తేల్చారు.

ఆ మాట నేనే వెళ్ళి చెప్పాను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఒక్క ఓటూ మీదేనా?"

"నాదే. ఏడాది ఆలస్యంగా."

"మా ఆవిడ మొన్ననే తోటకి విత్తనాలు తెప్పించింది" అన్నాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు. "అగ్నిమాపక కేంద్రంవాళ్ళను ఇంకా పిలవలేదు" అంటూ వెళ్ళిపోయాడు.

శనివారం గ్రేడీ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తూ లోపలికి పంపాడు. నాకు కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చున్నాను. పైన గాజు గదిలో ప్రూయెట్, ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారని పక్కవాళ్ళను అడుగుతున్నాడు.