పాత ఆయిలు ఎక్కడ బాబూ?

కారు కొనడానికి వెళ్లేటప్పుడు చదువుకున్నవాణ్ణి వెంట పెట్టుకోవాలని మా వాళ్లకొక నమ్మకం. మా చెల్లెలు ఆశకీ, మా బావ సాయిశంకర్‌కీ దొరికిన చదువుకున్నవాణ్ణి నేను. మాడుగుల దగ్గర ఒక హైస్కూల్లో గుమస్తాని. నాకు కారు లేదు, నడపడం రాదు. డిగ్రీ మాత్రం ఉంది. బావ పోర్టులో పదేళ్ల నుంచి ఫోర్క్‌లిఫ్టు నడుపుతున్నాడు, ఇంజను దగ్గితే దూరం నుంచే రోగం చెప్పగలడు. కానీ పదో తరగతి తప్పాడు. అందుకని బావ నన్ను పిలిచాడు.

ఆశ గాజువాకలో ఇంటిదగ్గరే ఇడ్లీలు పోసి అమ్ముతుంది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ కుర్రాళ్లుండే ఒక హాస్టలు వాళ్లు సోమవారం నుంచి రోజూ మూడొందల మందికి టిఫిను తెమ్మన్నారు. ఒకటే షరతు. ఆరు గంటల షిఫ్టు బస్సు కదిలేలోపు ఇడ్లీ అక్కడ ఉండాలి. ఒకరోజు ఆలస్యమైతే మర్నాడు రానక్కర్లేదు. అంటే తెల్లారగట్ల నాలుగున్నరకి తాళం తిప్పితే బండి పలకాలి. కొత్త కారుకి మా తాహతు చాలదు. పాతవాటిల్లోనే మంచి ఇంజను వెతకాలి.

నేను బయల్దేరేముందు ఆశ మినప్పప్పు కడుగుతూ ఒక్క మాటే అంది. "అన్నియ్యా, రంగెలగున్నా పర్నేదు. లేపితే లెగాల."

మాతోపాటు బావ వాళ్లమ్మ దేముడమ్మ అత్త కూడా వచ్చింది. ఆమె ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. "ఇంటికాడ కూకుని నాను ఏటి సేత్తాను" అని ఆటో ఎక్కేసింది. ఆమెకి సంతకం రాదు, వేలిముద్రే. కార్ల సంగతి ఆమెకేం తెలుస్తుందని నేను అనుకున్నాను. బయటికి అనలేదు.

సీతమ్మధారలో శ్రీరామ్మూర్తి గారి కారు. ఆయన గోదావరి వైపు నుంచి ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఒక పెద్ద కంపెనీలో మెయింటెనెన్సు ఆఫీసరుగా రిటైరయ్యాడు. కంపెనీ పేరు ఆయన చెప్పాడు, నేను చెప్పను. కారుకి పదమూడేళ్లు. తిరిగింది పందొమ్మిది వేల కిలోమీటర్లు. దాని మీద బట్టతో కుట్టించిన తొడుగు, తొడుగు మీద ప్లాస్టిక్ తొడుగు. రెండూ తీస్తే లోపల సీట్లకి షోరూములో ఇచ్చిన కవర్లు అలాగే ఉన్నాయి. ముందు అద్దం మీద గంధం బొట్టు, చక్రాల కింద ఎండిన నిమ్మకాయలు.

అత్త వెళ్లి బోనెట్టు మీద చెయ్యేసింది. "ఏటి బాబూ, జొరమొచ్చినట్టు ఎచ్చగుంది దీని ఒళ్లు?"

"మీరొచ్చేముందు కాసేపు స్టార్టు చేసి ఉంచానండి" అన్నాడాయన. "వార్మప్పు. షెడ్యూల్లో ఉంది."

షెడ్యూలు అనగానే నాకు ఆయన మీద గౌరవం పుట్టింది. ఆయన లోపలికి వెళ్లి ఎర్ర అట్ట రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మిగతా ఇద్దరి మొహాలూ చూసి, ఇది చదివేవాడు నేనే అని పట్టేశాడు.

అబద్ధం ఎందుకు, అలాంటి రిజిస్టరు మా స్కూల్లో కూడా లేదు. స్కేలు పెట్టి గీసిన ఎర్ర గళ్లు. తేదీ, చేసిన పని, వాడిన వస్తువు, చేసినవారు, తనిఖీ చేసినవారు, రిమార్కులు. ప్రతి జనవరిలోనూ ఇంజను ఆయిలు మార్పు, ఏడాది తప్పలేదు. చేసినవారు శ్రీరామ్మూర్తి. తనిఖీ చేసినవారు శ్రీరామ్మూర్తి. చేసిన చోట పొట్టి సంతకం, తనిఖీ చేసిన చోట పొడుగు సంతకం. రిమార్కుల్లో పన్నెండు చోట్లా 'సంతృప్తికరం'.

"సర్వీసు సెంటర్ని నమ్మనండి నేను" అన్నాడు. "ఆయిలు మార్చేది ఇంట్లోనే, నా చేత్తో."

బావ నా చెవి దగ్గరకొచ్చాడు. "ఓసారి బోనెట్టెత్తి సూద్దుమా బావా?"

"ఇలాంటి రిజిస్టరుండగా బోనెట్టెందుకు బావా? ఆయనేటనుకుంటాడు?"

"అదీ నిజిమే" అన్నాడు బావ. పదో తరగతి తప్పినవాడు డిగ్రీవాడికి ఎదురు చెప్పలేడు కదా.

శ్రీరామ్మూర్తి గారు మమ్మల్ని కొంచెంసేపు ప్రశ్నలు అడిగాడు, పిల్లనిచ్చే ఇంట్లో అడిగినట్టు. కారు ఎండలో పెడతారా, చెప్పులతో ఎక్కుతారా అని. ఇడ్లీ గిన్నెలు పెడతామనేసరికి మొహం మాడ్చుకున్నాడు గానీ, ఆవిరి తగలకుండా గుడ్డ పరుస్తామని నేను హామీ ఇచ్చాను. బావ బయానా తీయడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడు అత్త అడిగింది. "బాబూ, పాత ఆయిలు ఎక్కడ?"

"పాత ఆయిలేంటమ్మా?"

"ఏడాదికోపాలి మారుత్తన్నారంట గదా. పాతది తీసీసే గదా కొత్తది పోత్తారు. ఆ కాలిన నూనె మాకు బంగారం బాబూ. మా పశువుల సాల గుంజలకి సెదలు పట్టీసింది. ఆ నూనె రాసినావంటే సెద అటేపు రాదు. ఊర్లో మెకానిక్కి మొక్కినా ఇవ్వడు. ఓ డబ్బాడుంటే నాకెట్టండి, మీకు పున్నెముంటాది."

శ్రీరామ్మూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పారబోశానమ్మా."

"ఏ కాడ?"

"అదే... కాలవలో."

"పన్నెండేళ్లూనా?" అంది అత్త. ఆమె గొంతులో అనుమానమేమీ లేదు, అంత నూనె పోయిందే అన్న బాధ తప్ప.

ఇంతలో ఆయన భార్య కనకరత్నం గారు మజ్జిగ గ్లాసులతో వచ్చింది. మంచి మనిషి. ఎవరికి ఏం కావాలో విని ఊరుకోలేని రకం. "ఆయిలా అమ్మా? పాతదెందుకు, కొత్తదే పట్టుకెళ్లు. అటక మీద డజను డబ్బాలున్నాయి, మూత కూడా తీయలేదు. ఏటా ఒకటి తెచ్చి అక్కడ పెడతారీయన. ఊరగాయ జాడీలకి జాగా లేక చస్తున్నాను."

మజ్జిగ ఎవరూ తాగలేదు. నేను రిజిస్టరు కేసి చూశాను. 'వాడిన వస్తువు' గడిలో డబ్బా నంబరు కూడా వేసి ఉంది.

"చూడండీ" అన్నాడు శ్రీరామ్మూర్తి గారు, గొంతు సవరించుకుని, నాతోనే. "కొనుగోలు జరిగింది. ఎంట్రీ పడింది. తనిఖీ అయింది. మా ఆఫీసులో ముప్పై ఏళ్లు ఇదే పద్ధతి. ఇక మిగిలింది..."

"పొయ్యడం" అంది అత్త.

బావ ఇంక నన్ను అడగలేదు. బోనెట్టెత్తి, ఇంజను మీద ఆయిలు పోసే మూత తిప్పి తీశాడు. మూత లోపలంతా మాడిన బెల్లం పాకంలా నల్లగా, గట్టిగా పేరుకుని ఉంది. వేలు పెట్టి లాగితే తీగ సాగింది. "బావా, ఇది తిరగనేదు, మార్సనేదు. పదమూడేళ్లు ఒకే నూనెలో నానింది. ఏడి మీదుంది గాబట్టి ఇప్పుడు పలుకుద్ది. నాలుగున్నరకి పలకదు." వేలు నా ముందుకి చాపాడు. "రాసుకో, సంతృప్తికరం."

మేం గేటు దాకా వచ్చాం. వెనక నుంచి శ్రీరామ్మూర్తి గారు పిలిచాడు. ఆయన అప్పటికే రిజిస్టరులో కొత్త గీత గీసి రాసేశాడు. 'పాత ఆయిలు, దేముడమ్మ గారికి ఉచితముగా ఇవ్వడమైనది.' ఇంకుప్యాడు కూడా తెచ్చాడు. "ఇక్కడ వేలిముద్ర వేస్తే రికార్డు సరిపోతుందమ్మా. రేపు వేరే వాళ్లు అడిగితే ఇబ్బంది ఉండదు."

"నూనె డబ్బా ముందు నా సేతిలో ఎట్టు బాబూ" అంది అత్త. "ఏలు ఎక్కడికీ పోదు."

అక్కణ్ణుంచి ఆటోనగర్ వెళ్లాం. ఎల్లారావు అని బావకి తెలిసిన మెకానిక్కు. తన సొంత కారు అమ్ముతున్నాడు. పదిహేనేళ్ల బండి. మూడు తలుపులు తెల్లవి, ఒకటి బూడిద రంగుది. కింద నేల మీద నూనె మరక. నేను మొహం తిప్పుకున్నాను. అత్త మాత్రం షెడ్డు వెనక్కి వెళ్లి చూసి వచ్చింది.

"అయ్యా, పాత ఆయిలు..."

"ఎంత కావాల పెద్దమ్మా?" అన్నాడు ఎల్లారావు. "ఎనకాల మూడు డబ్బాలున్నాయి. మొన్న పడవలోళ్లొచ్చి రెండట్టుకెళ్లిపోనారు."

అత్త బావ వైపు తిరిగింది. "ఈ బండి తీసీరా."

"రికార్డేమైనా ఉందా?" అన్నాను నేను, అలవాటు పోదు కదా.

"రికార్డు నేదు బావూ. నోటితో సెప్తాను, ఇను. బెల్టు కిందటేడు ఏసినాను. రేడియేటరు పైపు పాతది, ఈ వారంలోనే మార్సీయాల. ఆయిలు కొంచెం తాగుద్ది. వారానికోపాలి ఆయిలు కొలిసే పుల్ల తీసి సూసుకోండి, తగ్గితే పొయ్యండి. అశ్రద్ధ సేత్తే మాత్రం నన్నడక్కండి."

బావ మర్నాడు పొద్దున్నే, ఎల్లారావు షెడ్డు తీయకముందే వెళ్లి కూర్చున్నాడు. బోనెట్టు మీద చెయ్యేసి చల్లగా ఉందని చూసుకున్నాకే తాళం తిప్పాడట. ఒక్క తిప్పుకే పలికింది. పొగ రంగు చూశాడు, నీలం లేదు, అంటే ఆయిలు మరీ ఎక్కువ కాలడం లేదన్నమాట. అప్పుడిచ్చాడు బయానా.

సోమవారం నాలుగున్నరకి నేనూ లేచాను. ఆశ ఇడ్లీ గిన్నెలు ఎత్తించి, ముందు సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంది. బావ తాళం తిప్పాడు. బండి ఒకసారి దగ్గి, లేచింది. ఆశ కళ్లు తెరిచి, "పద" అంది. ఐదూ ముప్పావుకి హాస్టల్లో ఇడ్లీ పడింది.

అత్త రెండు డబ్బాల కాలిన నూనెతో ఊరికి బస్సెక్కింది. నాకు మాత్రం మనసొప్పలేదు. బండికో పద్ధతంటూ ఉండాలని, ఎర్ర అట్ట రిజిస్టరు కొని, గళ్లు గీసి, ఆశకి ఇచ్చి ఊరెళ్లాను. పది రోజుల తర్వాత వచ్చినప్పుడు, ఎలా రాస్తున్నారో చూద్దామని అడిగాను. ఆశ వెనక్కి తీసుకెళ్లి డిక్కీ చూపించింది. తలుపు సందులో నా రిజిస్టరు మడిచి కుక్కి ఉంది. అట్టకి నూనె, చట్నీ.

"డిక్కీ తలుపు దడదడలాడిపోయీది అన్నియ్యా" అంది ఆశ. "ఇది పెట్టినకాడ్నుంచి సప్పుడు నేదు. మంచి దళసరి కాయితం తెచ్చినావు."