గేటు దగ్గర రెండు రేజులు

తాళంచెవి కోడలి అరచేతిలోనే ఉంది. బండి మాత్రం నడుస్తూనే ఉంది.

ఎప్పటిలాగే పికప్‌ని గేటు లోపలికి తెచ్చి, హ్యాండ్ బ్రేకు లాగి, యాక్సిలరేటర్ తొక్కి రెండుసార్లు గట్టిగా రేజ్ ఇచ్చి, తాళం తిప్పి బయటికి లాగింది. ఇంజను ఆగలేదు సరికదా, ఎవరో కాలితో అదిమినట్టు ఇంకా పైకి లేచింది. ఆమె ఇంకా సీట్లోనే ఉంది, రెండు పాదాలూ పెడళ్లకు దూరంగానే ఉన్నాయి. యాక్సిలరేటర్ మీద ఏ కాలూ లేదు. అయినా ఇంజను అరుస్తోంది. సైలెన్సర్ లోంచి నీలంగా పొగ తన్నుకొచ్చి వాకిలంతా కమ్మేసింది. గేటు ఊచలు టకటకలాడుతున్నాయి.

వసారాలో కుర్చీలో కూర్చున్న అత్త ఆ పొగలోకే మొహం తిప్పింది. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది.

"ఇవాళ వాడికి ఇంట్లోకి రావాలని లేదు కాబోలు," అంది తాపీగా.

చచ్చేంత భయంలోనూ కోడలి చేయి మాత్రం తెలివి తప్పలేదు. క్లచ్ నొక్కి, టాప్ గేరులో వేసి, బ్రేకు మీద నిలబడ్డట్టు కాలు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. బండి ఎద్దులా ఎగిరిపడి, వణికి, చచ్చినట్టు ఊరుకుంది. ఆ కిటుకు నేర్పింది మొగుడే. నేర్పినవాడు పోయాడు గానీ, నేర్పింది పోలేదు.

ఆయన ఈ బండిలోనే పోయాడు. కొండ మీది సిగ్నల్ టవరుకు నీళ్ల డ్రమ్ములూ, సిమెంటూ, పనివాళ్లకు సరుకులూ మోయడం ఆయన పని. ఒకరోజు పైన వాళ్లు లోడు దింపుతుంటే స్టీరింగ్ మీద తల వాల్చాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకున్నారు పనివాళ్లు. ఇంజను నడుస్తూనే ఉంది కదా, మనిషికేమవుతుందిలే అనుకున్నారు. ఎంతసేపటికీ లేవకపోతే వెళ్లి భుజం తట్టారు. గుండె ఎప్పుడో ఆగిపోయింది.

ఆ రోజు అత్త అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఒడిలో కొడుకు తల పెట్టుకుని మొహమంతా చేత్తో తడిమింది. కాబట్టి ఆమెకు తెలియదని అనడానికి వీల్లేదు. కానీ తర్వాత తర్వాత జ్ఞాపకం చిల్లుపడ్డ కుండ అయింది. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. ఇల్లు గడవాలి గనక కోడలే స్టీరింగ్ పట్టుకుంది. కొండ నుంచి దిగి మొదటిసారి గేటు దగ్గర ఆగినప్పుడు, మొగుడి దగ్గర నేర్చుకున్న చేయి గనక, ఆలోచించకుండానే రెండుసార్లు రేజ్ ఇచ్చి తాళం తిప్పింది. ఊరందరికీ హారన్లుంటే ఆయనకు ఆ రెండు రేజులే హారను. అమ్మా వచ్చాను అన్నట్టు.

"వచ్చావా నాయనా," అంది అత్త వసారాలోంచి. ఆ మొహం అలా వెలగడం కోడలు చాలా రోజుల తర్వాత చూసింది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఒక్క రోజుకే కదా అనుకుంది.

ఈ ఒక్క రోజుకే కదా అనుకున్నవి ఎప్పుడైనా ఒక్క రోజుతో ఆగాయా? మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ముందు ఆయన ఇంట్లోకి వెళ్లినట్టు ఉండాలి గనక కోడలు బండిలోనే కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చునేది. వసారాలో అత్త కొడుకుతో మాట్లాడేది. ప్రశ్న వేసి, జవాబు విన్నట్టు తలాడించి, ఒక్కోసారి నవ్వేది. ఆ తర్వాత కోడలు పెరటి గుమ్మంలోంచి తనలా లోపలికి వచ్చేది.

"ఎక్కడ తిరుగుతున్నావే ఇంతసేపు? వాడొచ్చి ఎంతసేపైంది," అని అత్త కసిరేది.

మూడు కంచాలు పెట్టాలి. రెండు కంచాల్లో తినేది కోడలే. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలులేని అత్త గుణవంతురాలు అని సామెత చెప్పినవాళ్లు ఈ ఇంటికి వచ్చి చూసి ఉంటే సామెతను వెనక్కి తీసుకునేవాళ్లు. గుడ్డి ముసలిదాని చెవిలో రోజూ పువ్వు పెడుతున్నానే అని కోడలు కుమిలిపోయేది. కుమిలిపోతూనే మళ్లీ సాయంత్రం రెండుసార్లు రేజ్ ఇచ్చేది.

ఇంజను ఆగనని మొండికేసిన మర్నాడు, బండిని తాడు కట్టి లాగించుకుని ఇంజన్లు బాగుచేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లింది. షెడ్డు ఊరికి అవతలి కొసన, మార్కెట్టు దాటి, రైలుకట్ట దాటి ఉంది. ఆ మేస్త్రిని అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, లోపలి జబ్బు చెప్పేస్తాడు. ఈసారి వినాల్సిన పని లేకపోయింది. గాలి గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తీస్తే వేలంతా ఆయిలు.

"ఆపేముందు రేజ్ ఇస్తారా మీరు?" అన్నాడు వేలు తుడుచుకుంటూ.

"మా ఆయన అలాగే నేర్పాడు."

"టర్బో లేని పాత బండ్లు నడిపిన చేతులమ్మా అవి. ఆ బండ్లకి చెల్లింది. దీనికి రేజ్ ఇస్తే ఇంజనులోకి గాలి తోసే ఆ టర్బో చక్రం గిర్రున తిరుగుతుంది. అదే క్షణంలో తాళం తీసేశారనుకోండి, ఇంజను ఆగుతుంది, దాంతోపాటు ఆయిలు అందడం ఆగుతుంది. టర్బో మాత్రం ఎండిపోయి తిరుగుతూ ఉంటుంది. రోజూ అలా చేస్తే అరిగిపోదూ? ఆ సందులోంచి ఇంజను ఆయిలే ఇంజను నోట్లోకి పోతోంది. ఇక మీరు డీజిల్ ఆపితే దానికేం లెక్క? తన ఆయిలు తనే తాగి నడుస్తుంది."

మనుషులూ అంతేనని ఎవరూ అనకండి. ఇది ఇంజను సంగతి. కోడలు మాత్రం పక్కనున్న టైరు మీద కూలబడింది. ఆయన వచ్చినట్టు చేయడానికి రోజూ తను ఇచ్చిన ఆ రెండు రేజులే ఆయన బండిని తినేశాయన్నమాట.

"నిన్న ఇంటి దగ్గర గనక సరిపోయింది," అన్నాడు మేస్త్రి. "లోడుతో కొండ దిగేటప్పుడు ఇది ఎగబడితే మీ బ్రేకు చాలదు. లోయలో వెతుక్కోవాలి మిమ్మల్ని."

"మరి ఏం చేద్దాం?"

"దీన్నే బాగు చేయమంటే చేస్తాను గానీ, బ్లాకు మీద సన్నగా పగులుంది. కొండ పనికి నేను పూచీ పడను. ఇంజను మార్చడమే." మేస్త్రి మూలనున్న రెండు ఇంజన్ల మీది పట్టా పైకెత్తి చూపించాడు. "ఇది టర్బో లేని పెద్ద డీజిల్. పాతకాలం పంపు. కంప్యూటరు లేదు, సెన్సరు లేదు, మీరేం డీజిల్ పోసినా నోరెత్తకుండా తాగుతుంది. కాకపోతే మెల్లగా ఎక్కుతుంది, కొండంతా పొగ పెడుతుంది. అదిగో, ఆ చిన్నది కొత్తరకం. ఎంత డీజిల్ చిమ్మాలో కంప్యూటరే చూసుకుంటుంది. తక్కువ స్పీడులోనే మంచి లాగుడు ఉంటుంది, రాళ్లదారిలో చక్రం జారనివ్వదు. నీళ్లు కలిసిన డీజిల్ పోశారో, కొత్త అల్లుడిలా అలిగి కూర్చుంటుంది. శుభ్రంగా చూసుకుంటే మీ పనికి అంతకంటే మంచిది లేదు."

కోడలు రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"శబ్దం ఎలా ఉంటుంది?" అంది.

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇన్నేళ్లలో అందరూ మైలేజీ అడిగారమ్మా. శబ్దం అడిగింది మీరే."

ఆమె చెప్పింది. ఎవరికీ చెప్పని సంగతి టైరు మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. మేస్త్రి పెద్ద ఇంజనుకు బ్యాటరీ తీగలు తగిలించి సెల్ఫ్ కొట్టాడు. స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చాడు.

కోడలు కళ్లు మూసుకుని పిడిని చెవికి ఆనించింది. అదే బరువైన గొంతు, అదే లడలడ. దాదాపు ఆయనే. మేస్త్రి చేత్తోనే పంపు మీట లాగి రెండుసార్లు రేజ్ ఇచ్చాడు. ఆమె గుండె గబుక్కున లేచి గుమ్మం దాకా వెళ్లినట్టయింది.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఎదురుచూస్తున్నది అత్త ఒక్కతే కాదు. ఆ శబ్దంలో రోజూ కాసేపు తను కూడా ఆయన పక్కన కూర్చుంటోంది. వసారాలో ఆయన అత్తతో మాట్లాడుతుంటే, నాతో ఒక్క మాటైనా అనడేం అని బండిలో కూర్చుని ఉడుక్కుంటోంది కూడా. నిజం, ఉడుక్కుంటోంది. పోయినవాడి మీద అలక.

చెవిలో లడలడ సాగుతూనే ఉంది. ఎంత విన్నా 'దాదాపు' అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. దగ్గు ఒకలాగే ఉన్నా మనిషి వేరు. ఎవడో పరాయివాడు ఆయన చొక్కా తొడుక్కుని వచ్చినట్టుంది. దీన్ని తీసుకెళ్లి గేటు దగ్గర నిలబెట్టి, ఇదిగో నీ కొడుకని అత్తతో ఎలా అనడం?

"ఆపేయండి," అంది. "ఆ కొత్తరకమే బిగించండి. నేను రోజూ కొండ దిగి రావాలి. అత్తయ్యకి నేను తప్ప దిక్కు లేదు."

బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు నరకమయ్యాయి. "వాడేడీ?" అనేది అత్త. "పని మీద వెళ్లాడు అత్తయ్యా," అనేది కోడలు. అత్త గేటు వైపే చెవి పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చునేది. బండి వచ్చిన రోజున నిజం చెప్పేయాలని కోడలు నిశ్చయించుకుంది. కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, ఆ మాటలనే లోలోపల వల్లె వేసుకుంది. అత్తయ్యా, ఆయన లేడు. ఇన్నాళ్లూ వచ్చింది నేనే. అక్కడితో ఆపి మళ్లీ మొదటికి వచ్చేది.

కొత్త ఇంజనుతో మొదటిసారి కొండెక్కి దిగింది. బండి రాళ్ల మీద మేకపిల్లలా ఎక్కింది, వెన్నలా దిగింది. ఎండ పసుపుబారే వేళకు ఇంటి గేటు దగ్గరికి వచ్చింది. ఇంజను చప్పుడు ఆమెకే సరిగా వినపడలేదు. పాదం అలవాటుగా యాక్సిలరేటర్ మీదికి పోబోయింది. బలవంతాన వెనక్కి తీసుకుంది. మేస్త్రి చెప్పినట్టు కాసేపు ఊరికే నడవనిచ్చి, తాళం తిప్పింది. బండి బుద్ధిగా ఆగిపోయింది.

అత్త కుర్చీలోనే ఉంది. ఇటు తల తిప్పలేదు. కోడలు పెరటి దారిన కాకుండా, చాలా రోజుల తర్వాత మొదటిసారి, ముందు మెట్లే ఎక్కింది.

"అమ్మాయ్, నువ్వేనా?"

"నేనే అత్తయ్యా. మీకో మాట చెప్పాలి."

"కాస్త ముందొస్తే వాడు కనిపించేవాడే," అంది అత్త. "ఇప్పుడే వచ్చి వెళ్లాడు. ఎంత రమ్మన్నా లోపలికి రానన్నాడు. గేటు దగ్గరే నిలబడి మాట్లాడాడు. వెళ్లేముందు రెండుసార్లు రేజ్ ఇచ్చాడు."

కోడలికి వల్లె వేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు. సరిగ్గా అప్పుడే చేతిసంచిలో ఫోను మోగింది. చెవి మేస్త్రి. మనిషి రొప్పుతున్నాడు.

"అమ్మా, బండి బాగుందా? ఇక్కడ నేనో బుద్ధి తక్కువ పని చేశాను. మీ పాత ఇంజనును విప్పి అమ్మేముందు ఒకసారి చూద్దామని స్టాండు మీద స్టార్ట్ చేశాను. టర్బో తీయకుండానే! మళ్లీ ఎగబడింది. ఇక్కడ గేరా, క్లచ్చా? చెక్కపలక తెచ్చి గాలి గొట్టం నోటికి అడ్డం పెట్టాను, ఊపిరాడకపోతే ఆగుతుందని. పలక రెండుసార్లు జారింది. జారినప్పుడల్లా అరిచింది. మూడోసారి గట్టిగా మూశాను. ఇక అయిపోయింది, లోపల అంతా పట్టేసింది. మళ్లీ తిరగదది."

"ఎప్పుడు?" అంది కోడలు.

"ఇందాకేనమ్మా. చేతులు కూడా ఇంకా కడుక్కోలేదు."

ఫోను పెట్టేసింది. రైలుకట్ట, మార్కెట్టు, ఇన్ని ఇళ్లు, ఇన్ని గోడలు. అవతలి కొసనున్న షెడ్డులోంచి ఇంతదూరం ఏ చెవికి వినపడుతుంది? భయమేసింది. భయం కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఆ వసారా మెట్టు మీద, అత్త కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

"నా గురించి ఏమైనా అన్నాడా అత్తయ్యా?" అంది చిన్నపిల్లలా.

అత్త తడుముకుంటూ చేయి చాచి ఆమె తల మీద వేసింది. డీజిల్ వాసన కొట్టే ఆ జుట్టును మెల్లగా సవరించింది.

"అన్నాడు. 'ఇన్నాళ్లూ కొండ మీంచి నన్ను ఇంటికి మోసుకొచ్చింది నీ కోడలేనమ్మా, అలిసిపోయింది, ఇక నన్ను దించేయమను' అన్నాడు."

తర్వాత అత్త కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"పద, ఆకలేస్తోంది. ఈ పూట రెండు కంచాలే పెట్టు."