ముప్పై తొమ్మిదికి పన్నెండు

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. సుద్దముక్కతో గుర్తు పెట్టిన పన్ను మళ్ళీ బొటనవేలి కిందికి రాగానే ఖమరుద్దీన్ ఆగాడు. పెద్ద చక్రానికి ముప్పై తొమ్మిది పళ్ళు. దాన్ని తిప్పే చిన్న పినియనుకు పన్నెండు. ఆ అంకెలు ఇనుము మీద కొట్టే ఉన్నాయి. అయినా ఇరవై ఏడేళ్ళుగా ప్రతి జతనూ తన వేలితో లెక్కపెట్టుకుంటే తప్ప అతనికి తృప్తి ఉండదు. ఈ జతను నిన్న కూడా లెక్కపెట్టాడు. మొన్న కూడా.

"ఏం భాయ్, రాత్రికి రాత్రి ఒక పన్ను ఊడిపోయిందా?" అని నవ్వుతూ అంకయ్య టీ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. అంకయ్యది రాజంపేట. అదే కార్ల షెడ్డులో పెయింటరు. పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే రూమ్.

"సూసుకుంటే పోయేదేముండాదప్పా? ఈ పొద్దొక్క దినమే గదా!"

అంకయ్య నవ్వు ఆగిపోయింది. టీ తాగుతూ అటు తిరిగాడు.

నిజమే, ఆ ఒక్క రోజే. అరబ్బు దేశంలో, అల్ హైల్ అనే ఊళ్ళోని ఆ షెడ్డుకి ముప్పై మూడేళ్ళ వయసులో వచ్చిన ఖమరుద్దీన్‌కి ఇప్పుడు అరవై. మోకాళ్ళు కారు కిందికి దూరడానికి ఒప్పుకుంటున్నాయిగానీ బయటికి రావడానికి మొరాయిస్తున్నాయి. వీసా క్యాన్సిల్ అయింది. సాయంత్రం అయిదింటికి ఫ్లైటు. రాయచోటిలో భార్య జైనబీ ఇంటికి సున్నం కూడా వేయించి ఎదురు చూస్తోంది. ఖమరుద్దీన్ మనిషి పొడుగు, బక్కపలచన. గడ్డం తెల్లబడినా దాని కొసలు మాత్రం గ్రీజు తగిలి ఎప్పుడూ కాస్త నల్లగానే ఉంటాయి. ఎడమ చూపుడువేలికి గోరు లేదు. వందలాది కార్ల వెనక ఇరుసులు విప్పి బిగించినవాడికి డ్రైవింగ్ లైసెన్సు లేదంటే ఎవరూ నమ్మరు. అతను ఎప్పుడూ వెనక సీటు మనిషే.

పేరున్న మెకానిక్కేం కాదు. కార్ల పోటీల్లో ఎవరూ అతని పేరు ఎత్తరు. ఇంజిన్లు చేసేవాళ్ళని ఎత్తుతారు. వెనక ఇరుసులో పళ్ళెన్ని ఉన్నాయో ఎవడికి కావాలి! అందుకే తను బిగించిన ప్రతి ఇరుసుకీ అతను ఒక చీటీ తగిలిస్తాడు. టీ కోసం తెచ్చిన పాలడబ్బా రేకుని అంగుళం ముక్కగా కత్తిరించి, మేకుతో రెండు అంకెలు కొట్టి, ఒక బోల్టు కింద బిగిస్తాడు. పేరుండదు, తేదీ ఉండదు. రేపు విప్పబోయే మెకానిక్కు ఇబ్బంది పడకూడదని, అంతే.

బయట ఎండలో నిలబడి ఉన్న పాత అమెరికన్ కారు కింద అలాంటిదే ఒక రేకు తుప్పు పట్టి ఉంది. దాని మీద 41-9 అని ఉంటుంది. ఖమరుద్దీన్ జీవితంలో తలచుకుని సిగ్గుపడే అంకెలు అవి.

ఎనిమిది సిలిండర్లు, రెండు తలుపులు, ముదురు ఆకుపచ్చ రంగు. ఆ కారు సాలిం అనే షెడ్డు యజమానిది. పనివాళ్ళు ఆయన్ని అర్బాబు అంటారు, అంటే యజమాని అని. ప్రతి గురువారం మధ్యాహ్నం అర్బాబు, ఆయన భార్య అందులో అల్ సువైక్ వెళ్ళేవారు. ఆమె పుట్టింటి ఖర్జూరం తోట అక్కడే. పోనూ రానూ రెండున్నర గంటలు. వారమంతా షెడ్డు గొడవల్లో మునిగే అర్బాబు భార్యతో నోరారా మాట్లాడేది ఆ రెండున్నర గంటలే.

తొమ్మిదేళ్ళ కిందట అర్బాబు ఎవరి కారో చూసి వచ్చి, "ఖమర్, నా దానికి పెద్ద గేరు వెయ్యి. సిగ్నల్ దగ్గర ఎగరాలి," అన్నాడు. ఖమరుద్దీన్ వేశాడు. ఎందుకని అడగలేదు, ఎక్కడికి తిరుగుతుందని అడగలేదు. నలభై ఒకటికి తొమ్మిది అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిను నాలుగున్నర సార్లు తిరగాలి. సిగ్నల్ దగ్గర ఎగిరింది, నిజమే! కానీ హైవే మీద నూట ఇరవైలో పోతుంటే ఇంజిను ఆపకుండా అరిచేది. అర్బాబు భార్య ఒక్క గురువారం ఎక్కింది. తల పగిలిపోతోందని బర్కా దగ్గర దిగి, తమ్ముణ్ణి పిలిపించుకుని అతని బండిలో ఇంటికి వెళ్ళింది. మళ్ళీ ఆ కారు ఎక్కలేదు.

"ఆమె రానంటోంది," అని అర్బాబు మొదట నవ్వుతూ చెప్పాడు. తర్వాత నవ్వడం మానేశాడు. మార్చేస్తానని ఖమరుద్దీన్ రెండుసార్లు అడిగితే, "చూద్దాంలే," అన్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. ఏడేళ్ళ పాటు గురువారాలు ఒక్కడే వెళ్ళి, రెండేళ్ళ కిందట కన్నుమూశాడు.

అలాంటి మనిషికా తను ఈ పని చేసింది! ఖమరుద్దీన్ తల్లి పోయిందని ఫోన్ వచ్చిన రోజు, గంటలో పాస్‌పోర్టూ టికెట్టూ చేతిలో పెట్టి, తనే ఎయిర్‌పోర్టులో దింపిన మనిషి. ప్రతి శుక్రవారం ఇంటి నుంచి అన్నం పళ్ళెం పంపించిన మనిషి. ఆ పళ్ళెం ఆయన పోయాక కూడా ఆగలేదు. ఆ ఇంటి ఉప్పు తిన్న ఒళ్ళు ఇదని ఖమరుద్దీన్ నమాజు చేసుకున్నప్పుడల్లా అనుకుంటాడు. ఆ ఇల్లాలు మళ్ళీ ఆ కారులో కూర్చోవాలి. అది చూసి ఫ్లైటెక్కాలి. ఈ ఒక్కటీ అయితే అతనికి ఈ దేశంలో ఇంకే పనీ మిగిలి లేదు.

ఏడింటికి హిలాల్ వచ్చాడు. అర్బాబు కొడుకు, ఇరవై ఏడేళ్ళవాడు, ఖురంలో ఆఫీసు ఉద్యోగం. ఆ రోజు సెలవు పెట్టాడు. నడక అచ్చం తండ్రిదే. అమ్మని గురువారాలు నాన్న కారులోనే సువైక్ తీసుకెళ్ళాలని అతనికీ ఉంది. కానీ దోస్తుల ముందు కారు పరువు పోకూడదని కూడా ఉంది. నెల రోజులు బతిమాలితే ముప్పై అయిదుకి పది, అంటే మూడున్నర దాకా దిగి వచ్చాడు. అంతకన్నా దిగనన్నాడు. బల్ల మీద రెండు జతలూ బిగించి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి హిలాల్ అడిగింది. రెండోది ఖమరుద్దీన్ మనసులోది, ముప్పై తొమ్మిదికి పన్నెండు, అంటే మూడుంపావు.

చెప్పకుండా రెండోది బిగించేసి వెళ్ళిపోతే? నిన్నంతా ఆ ఆలోచన అతన్ని తొలిచింది. హిలాల్‌కు తెలిసేది కూడా కాదేమో. కానీ ఎక్కేవాళ్ళని అడగకుండా బిగించడమే కదా అప్పటి తప్పు!

"బేటా, విప్పే ముందర ఒక్కసారి హైవే మీదికి పోయొద్దాం," అన్నాడు ఖమరుద్దీన్. హిలాల్‌తో అతను హిందీలో అరబ్బీ ముక్కలు కలిపి మాట్లాడతాడు. "మీ అమ్మను గూడా పిల్చకరావల్ల."

"అమ్మ ఈ గేరుతో ఎక్కదు చాచా. నీకు తెలుసుగా."

"నేనడుగుతా."

ఇల్లు రెండు వీధుల అవతల. గేటు దగ్గరికి వచ్చిన ఆమెను ఖమరుద్దీన్ ఎప్పటిలాగే ఉమ్ హిలాల్ అని పిలిచాడు. హిలాల్ తల్లీ అని. తల వంచుకుని, రాని అరబ్బీలో తొమ్మిదేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట చెప్పాడు. ఆ గేరు వేసింది తనేననీ, ఆ రోజు అడగాల్సింది అడగలేదనీ, ఈ రోజు వెళ్ళిపోతున్నాననీ.



"ఆయన అడిగాడు, నువ్వు వేశావు. మీ ఇద్దరిలో నన్ను అడిగినవాడు లేడు," అంది ఆమె. తర్వాత చెప్పులు వేసుకుంది. "ఇప్పుడు అడిగావుగా. పద."

ఖమరుద్దీన్ వెనక సీటులోకి మోకాళ్ళు ముడుచుకుని దూరాడు. అతని చేతిలో అట్టముక్క, దాని మీద రాత్రి వేసుకున్న లెక్క ఉంది. గేరు మార్చకుండానే మార్చిన తర్వాతి శబ్దం వినిపించే ఉపాయం అది. ఇప్పుడున్న గేరుతో ఎనభై అయిదులో వెళ్తే ఇంజిను ఎంత అరుస్తుందో, ముప్పై తొమ్మిదిది వేశాక నూట ఇరవైలో అంతే అరుస్తుంది. హిలాల్ అడిగినది వేస్తే ఆ నూట ఇరవైలో వచ్చే అరుపు ఇప్పుడు తొంభై రెండులో వినిపిస్తుంది. ఈ ఉపాయం అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ తప్పు తర్వాత, ముందు సీటులో కూర్చునేవాళ్ళకి వినిపించకుండా ఏ కారూ విప్పకూడదని పెట్టుకున్న నియమం.

"ఎనబై అయిదు కాడ నిలుపు బేటా."

స్పీడు ముల్లు ఎనభై అయిదు దగ్గర నిలిచింది. మొదట ఆమె చేతిసంచిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. రెండు నిమిషాలయ్యాక పట్టు వదిలి, సువైక్‌లో తమ్ముడి మేక ఒకటి పొరుగు తోటలో పడి చేసిన గొడవ చెప్పడం మొదలుపెట్టింది. ఖమరుద్దీన్ చూపు కిటికీ బయట పెట్టి, చెవి ముందు సీటు మీద పెట్టాడు. అతనికి మేక సంగతి సగమే అర్థమైంది. గొంతు మాత్రం పూర్తిగా అర్థమైంది. ఇంట్లో మాట్లాడే గొంతే అది.

"ఇప్పుడు తొంబై రెండు."

తేడా ఎంతని? ఏడంటే ఏడు. ఇంజిను గొంతు కొంచెం లేచింది, అంతే. ఆమె కూడా గొంతు కొంచెం లేపింది. ఇంకో మాట అంది. ఇంకోటి. అక్కడ ఆగిపోయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"తర్వాతేమయిందమ్మా? మేక దొరికిందా?" అన్నాడు హిలాల్.

"ఇంటికెళ్ళాక చెప్తాలే. మీ నాన్నకీ ఆ ఒక్క గురువారం అంతే. అరిచి అరిచి చెప్పలేక ఇంటికెళ్ళాక చెప్తానన్నాను. ఇంటికెళ్ళాక మరిచిపోయాను."

హిలాల్ యాక్సిలరేటర్ మీంచి కాలు కొంచెం తీశాడు. ముల్లు మెల్లగా ఎనభై అయిదుకి దిగింది. కొంత దూరం పోయాక, మేక దొరికిందట గానీ దాని మెడలో గంట దొరకలేదట అని ఆమె అదే అందుకుంది. వెనక సీటులో ఖమరుద్దీన్ అల్‌హమ్‌దులిల్లా, అంతా దేవుడి దయ అనుకున్నాడు.

షెడ్డుకి తిరిగి వచ్చి ఇంజిను ఆపాక, హిలాల్ తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ముప్పై తొమ్మిదిదే వెయ్యి చాచా." కాస్త ఆగి, "మరీ చచ్చుగా అయిపోతుందా?"

"అబద్దమెందుకు, సిగ్నల్ కాడ నీ దోస్తు రెండు కార్లంత ముందర పోతాడు. పోనీ. నువ్వు మీ అమ్మ మాటలింటా పోతాంటావు."

హిలాల్ నవ్వేశాడు.

ఆ తర్వాత మూడు గంటలు ఖమరుద్దీన్ కారు కిందే ఉన్నాడు. చక్రాలు, ఇరుసు కడ్డీలు లాగాడు. పాత నూనె నల్లగా, చిక్కగా కారింది. బోల్టులన్నీ వదులు చేసి, అంకయ్య ఒక పక్కా తనొక పక్కా పట్టి పాత గేరును దించారు. కొత్తది ఎత్తేటప్పుడు అంకయ్య, "నిమ్మళం భాయ్, మోకాళ్ళు," అంటూనే ఉన్నాడు. పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో తెలియడానికి రంగు పూసి తిప్పి చూస్తే పళ్ళ మీద ముద్ర సరిగ్గా మధ్యలో పడింది. నూనె పోశాడు. చివరి బోల్టు బిగించే ముందు, పొద్దున్నే కొట్టి ఉంచుకున్న రేకు దాని కింద పెట్టాడు. తుప్పు పట్టిన పాత రేకును గుడ్డతో తుడిచి బ్యాగులో వేసుకున్నాడు.

"అదెందుకు భాయ్, చెత్త?"

"నాదే గదప్పా. ఈడ ఇడ్సిపెట్టి పోవడమెందుకు?"

స్నానం చేసి, జైనబీ పంపిన తెల్లచొక్కా వేసుకుని వచ్చేసరికి ఒంటిగంటన్నర. ఉమ్ హిలాల్ అప్పటికే ముందు సీటులో కూర్చుని ఉంది. ఎయిర్‌పోర్టులో ఇతన్ని దింపి, అటు నుంచి అటే సువైక్ వెళ్తారట. అంకయ్య ఖమరుద్దీన్‌ను గట్టిగా వాటేసుకుని, "పోయినాక ఫోన్ చెయ్ భాయ్, మర్సిపోతావేమో," అన్నాడు. చేతులకి పెయింటు ఉండడంతో కళ్ళు భుజంతో తుడుచుకున్నాడు.

"ఈ పొద్దు వంద దాటద్దు బేటా. బర్కా కాడ అరగంట నిలుపు, కొత్త పళ్ళు సల్లబడనీ. రేపట్నించి నీ ఇష్టం," అని ఖమరుద్దీన్ వెనక సీటులోంచి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్ళెవరు! ఆమె మాట్లాడుతోంది. తోటలో నీళ్ళ సంగతి, తమ్ముడి కోడలి సంగతి, ఎప్పుడో ఈ రోడ్డు మీద సాలిం టైరు పంక్చరై ఇద్దరూ ఎండలో కూర్చుని పుచ్చకాయ తిన్న సంగతి. హిలాల్ నవ్వుతున్నాడు. తన చేతులతో ఎత్తి పెట్టిన ఇనుము తన సీటు కింద తిరుగుతోందన్న ధ్యాసే ఖమరుద్దీన్‌కు లేదు. అంత నిశ్శబ్దంగా తిరుగుతోంది.

ఎయిర్‌పోర్టు దగ్గర హిలాల్ దిగి తన సీటు ముందుకి వంచాడు. ఖమరుద్దీన్ మోకాళ్ళు పట్టుకుని బయటికి వచ్చాడు. హిలాల్ అతని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు, తండ్రికి పెట్టినట్టు. ఆమె కిటికీలోంచి ఖర్జూరాల పెట్టె అందించి, "జైనబీకి ఇవ్వు. ఫీ అమానిల్లా, ఖమర్," అంది. దేవుడి కాపుదలలో వెళ్ళిరమ్మని.

చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "మీ ఇంట్లో నాకేం తక్కువ కాలేదు," అని మాత్రం అనగలిగాడు. ఆమెకు అది వినపడింది.

కారు కదిలింది. ఖమరుద్దీన్ బ్యాగు నేల మీద పెట్టి, శబ్దం మలుపు తిరిగి సన్నబడేదాకా విన్నాడు. మధ్యలో ఒక్క మూలుగు లేదు. బ్యాగు ఎత్తుకుని లోపలికి నడిచాడు.

సువైక్ వైపు వెళ్ళే రోడ్డు మీద, ఆకుపచ్చ కారు కింద, ఒక బోల్టు చాటున అంగుళం రేకు ముక్క మెరుస్తోంది. పైవైపు 39-12. వెనకవైపు పాలడబ్బా మీది సగం ఆవు.